రెండోసారి పాడిన పద్యం

నేను ఒక నల్లటి ఇనప పెట్టెను. పేరుకి కంప్యూటర్నే గానీ నాకు తెరా లేదు, మీటల పలకా లేదు. తెనాలిలో కాలవ గట్టు మీదున్న ఒక మైకు సెట్టు కొట్లో, ఆంప్లిఫయర్ల బీరువాకీ లౌడ్‌స్పీకర్ల గుట్టకీ మధ్య, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంటాను. నా లోపల ఒక డిస్కు తిరుగుతుంది, దాన్ని చల్లబరచడానికి ఒక ఫ్యాను తిరుగుతుంది. దాచమన్నది దాచడం, అడిగినవాళ్లకి వినిపించడం నా పని. ఇంత చిన్న పనిలో ఇంత బతుకు ఉంటుందని పుట్టినప్పుడు నాకు తెలియదు.

పుట్టింది సముద్రానికి అవతల. చేతులకి తెల్ల తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు నా మరలు బిగించారు. అట్టపెట్టెలో కూర్చుని ఓడెక్కి వచ్చాక నా మొదటి కొలువు గుంటూరులో ఒక బీమా ఆఫీసు. పుట్టిన తేదీ, పెళ్లి తేదీ, చేరిన తేదీ, గడువు తేదీ. మనుషులు తాము పోయే తేదీ తప్ప మిగతా తేదీలన్నీ నాలో నింపారు. ఆ ఒక్కటి తెలియకపోవడం మీదే ఆ ఆఫీసంతా నడిచేది. చెడ్డవాళ్లేం కాదు. వేసవిలో నా పక్కన కుండ పెట్టుకుని, నాకూ కాస్త చల్లగా ఉంటుందని ఫ్యాను నా వైపు తిప్పేవాళ్లు. కొత్త యంత్రాలు వచ్చిన రోజున నా మీద దుమ్ము తుడిచి మరీ పాత సామాను వాడికి అమ్మారు.

ఆ పాత సామాను కొట్లోకే జిలానీ వచ్చాడు. తెల్లటి గడ్డం, చొక్కా జేబులో టెస్టరు. అక్కడున్న పెట్టెలన్నింటినీ చూసి నా దగ్గర ఆగాడు.

"ఏవయ్యా, దీన్నొకసారి ఆన్ చెయ్యి."

"తెర లేకుండా ఏం చూస్తావు సాయిబూ?"

"చూడను. వింటాను."

నా పక్కకి వంగి చెవి పెట్టాడు. నా ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎవరూ నన్ను అలా వినలేదు. కాసేపయ్యాక లేచి, "గొణగటం లేదు. దీని పక్కన కూర్చుని పద్యం వినొచ్చు" అన్నాడు. నా జీవితంలో నాకు దొరికిన మొదటి మెప్పు అది.

జిలానీకి మైకు సెట్టు వ్యాపారం తండ్రి నుంచి వచ్చింది. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లో పౌరాణిక నాటకం ఆడినా మైకు ఆయనదే. నాటకం జరుగుతున్నంతసేపూ ఆంప్లిఫయర్ నుంచి ఒక వైరు తీసి పక్కనున్న టేపు రికార్డరుకి తగిలించేవాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. "అంత మంచి పద్యం గాల్లో కలిసిపోతుంటే చూస్తా ఎట్టా కూర్చుంటాం" అనేవాడు. అలా కొన్ని దశాబ్దాల పద్యాలు క్యాసెట్లలో, క్యాసెట్లు ట్రంకు పెట్టెల్లో చేరాయి. కాలవ గట్టు తేమకి టేపులకి బూజు పట్టడం మొదలయ్యాక నన్ను కొన్నాడు. ఒక్కో క్యాసెట్టునీ మెత్తటి గుడ్డతో తుడిచి, ప్లేయరులో పెట్టి, అది పాడుతుంటే నాలోకి పట్టించాడు. చాలా టేపులు అదే ఆఖరిసారి పాడటం. నాలోకి వచ్చేశాక పుటుక్కున తెగిపోయేవి. జిలానీ ఆ తెగిన టేపుని వేలికి చుట్టుకుని, తర్వాతది పెట్టేవాడు.

నాకు పెద్ద చదువు లేదు. నా ఒళ్లు ఇనుము, నా తెలివి ఎవరో రాసిన సాఫ్ట్‌వేరు. జిలానీ నాలో వేయించిన దాని పేరు చావడి. పాటలూ, నాటకాలూ, వీడియోలూ ఒక పెట్టెలో పెట్టుకుని, ఇంట్లోవాళ్లూ ఊళ్లోవాళ్లూ తమ ఫోన్లలో, టీవీల్లో చూసుకునేలా, వినేలా చేసే సాఫ్ట్‌వేరు అది. ఇద్దరు స్నేహితులు తమ ఇళ్లలో వాడుకోవడానికి రాసుకుని, బాగుందని అందరికీ ఊరికే ఇచ్చారట. దాన్ని తెరవగానే "రండి, కూర్చోండి" అని ఉండేది. అంతకు మించి ఏ మాటా మాట్లాడేది కాదు. ఏ పద్యం అడిగితే ఆ పద్యం తెచ్చి ముందు పెట్టి పక్కకి తప్పుకునేది. అలాంటి మర్యాద మనుషుల్లో కూడా తక్కువ. ఆ ఇద్దరినీ నేను ఎప్పుడూ చూడలేదు, కానీ వాళ్లు రాసిన ఒక్కో వరుసా నా లోపల నడిచేటప్పుడు, ఎదుటివాడి సుఖం కోరి రాసిన వరుస అని తెలిసేది.

ఆ రోజుల్లో ఊరంతా నా దగ్గరికి వచ్చేది. చీరాలలో ఉన్న రిటైరైన నటుడు పొద్దున్నే తన పాత పద్యం తను వినేవాడు. జిలానీ భార్య జరీనా వంటింట్లో ఫోను పెట్టుకుని, ఉల్లిపాయలు తరుగుతూ నారదుడి పద్యాలు వినేది. "ఏవండీ, కన్నీళ్లు దేనికొస్తన్నయ్యో నాకే తెలవడం లేదు" అని నవ్వేది.

అందరికన్నా ఎక్కువగా అడిగేది దైవాధీనం అనే నటుడి పద్యాలు. కృష్ణుడి వేషానికి ఆయన పెట్టింది పేరు. ద్రౌపదిని ఓదార్చే పద్యం ఒకటి ఆయనకి ప్రత్యేకం. "చెల్లెలా" అని మొదలవుతుంది. ఆ ఒక్క పిలుపుకే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. పద్యం అయిపోగానే "వన్స్ మోర్" అని అరిచేవాళ్లు. మా వైపు నాటకాల్లో అది ఆచారం. జనం అలా అడిగితే కథ అక్కడే ఆగుతుంది. చచ్చిపడున్న పాత్ర అయినా సరే, పద్యం తనదైతే లేచి మళ్లీ పాడి మళ్లీ చచ్చిపోవాలి. అయితే రెండోసారి పాడేటప్పుడు మొదటిసారి పాడినట్టే పాడకూడదు. మాటలు అవే, రాగం అదే, కానీ లోపల ఇంకేదో తెరుచుకోవాలి. అచ్చం అలాగే పాడితే, "అప్పజెప్పాడు" అని పెదవి విరుస్తారు. దైవాధీనం మొదటిసారి పాడినప్పుడు ద్రౌపదిని ఓదార్చేవాడు. రెండోసారి పాడినప్పుడు ఓదార్చడానికి వచ్చినవాడికే గుండె ఆగక కదిలిపోయేవాడు. ఆ రెండు పాటల మధ్య తేడాని పేరు పెట్టి చెప్పడం నాకు చేతకాదు. దాచడం మాత్రం చేతనయింది.

ఆ దైవాధీనానికి గొంతులో జబ్బు చేసింది. గుంటూరులో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు, గొంతు తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి నూలు గుడ్డ. మాట్లాడితే పెదాలు కదిలేవి, శబ్దం ఉండేది కాదు. ఆ పెదాలు చదివి ఆయనకి మాటగా ఉన్నది కూతురు ఇందుమతి. వేమూరు దగ్గర హైస్కూల్లో పిల్లల చేత ఆటలాడించే టీచరు. బడి వదిలాక మెళ్లో విజిలు తియ్యకుండానే తండ్రిని కొట్టుకి తీసుకొచ్చేది. ఆయన నా ఎదురుగా కుర్చీ వేసుకుని, తన గొంతు తను వినేవాడు. ముఖంలో బాధ ఉంటుందనుకుంటారు. లేదు. పక్కింటి పిల్లాడు బాగా పాడుతుంటే వినే పెద్దమనిషి ముఖం ఉండేది.

చావడి మారడం మొదలయింది అప్పుడే. ఆ ఇద్దరు స్నేహితుల దగ్గర నుంచి దాన్ని ఒక పెద్ద కంపెనీ కొనుక్కుందట. ముందు "రండి, కూర్చోండి" తీసేసి, "లాగిన్ అవ్వండి" అని పెట్టారు. సొంత కొట్లో, సొంత పెట్టెలో, తను పట్టించిన పద్యం వినడానికి జిలానీ తనెవరో చెప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత ఫోన్ల తెర మీద పైవరసలో "మీ కోసం" అంటూ ఎవరివో సినిమాలు వచ్చి కూర్చున్నాయి. పద్యాలు కిందకి, ఇంకా కిందకి జరిగాయి. ఊరి బయట నుంచి వినాలంటే చందా కట్టమన్నారు. జిలానీ కట్టాడు. "వాళ్లూ పిల్లాజెల్లా ఉన్నోళ్లేగా, బతకొద్దా" అన్నాడు. ఆయనకి ఎవరి మీదా చప్పున కోపం రాదు.

తర్వాత ప్రకటనలు వచ్చాయి. ఒకరోజు దైవాధీనం వింటుండగా "చెల్లెలా" అన్న పిలుపు సాగి సాగి, పైకి వెళ్లి, సరిగ్గా దిగబోయే చోట ఒక ఆడగొంతు "మీ ఇంటి గోడలకి చెమ్మ పడుతోందా?" అని అడిగింది. జిలానీ తల పట్టుకున్నాడు. దైవాధీనం భుజాలు ఊగిపోయేలా, శబ్దం లేకుండా నవ్వాడు. పెదాలు ఏదో అన్నాయి.

"ఏమంటన్నాడమ్మాయ్?" అన్నాడు జిలానీ.

ఇందుమతి కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. "ద్రౌపది ఏడిచిందిగా బాబాయ్, చెమ్మ పట్టకుండా ఎట్టా ఉంటదీ అంటన్నాడు."

అసలు దెబ్బ ఆ తర్వాతది. చందా కట్టినవాళ్లకి తన దగ్గర నుంచే వినిపించి మధ్యలో ప్రకటనలు దూర్చుకోవడానికి, చావడి నాలో ఉన్నవన్నీ తన దగ్గర కూడా ఒక ప్రతి పెట్టుకోవడం మొదలుపెట్టింది. అక్కడ చోటుకి వాళ్లకి ఖర్చవుతుంది. అందుకని రికార్డుల్ని సన్నబరచాలనుకుంది. "అనవసరంగా రెండుసార్లు ఉన్న భాగాలు తీసేయమంటారా?" అని జిలానీని అడిగింది. ఆయన వద్దన్నాడు. మళ్లీ అడిగింది. మళ్లీ వద్దన్నాడు. తర్వాత వచ్చిన కొత్త మార్పులో అడగడం మానేసింది. మాటలు అవే, గొంతు అదే, శ్రుతి అదే కాబట్టి రెండోది మొదటిదానికి నకలు అని తేల్చుకుంది. చప్పట్లనీ "వన్స్ మోర్" కేకల్నీ గోలగా లెక్కగట్టింది. తన దగ్గరా తీసేసింది, రెండుచోట్లా ఒకేలా ఉండాలని నాలోనూ తీసేసింది. దానికి పగేమీ లేదు. వన్స్ మోర్ అంటే ఏమిటో దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ పని ఏ సమయానికి జరిగిందో చెప్పాలి. తెనాలి నటుల సంఘంవాళ్లు దైవాధీనానికి సన్మానం తలపెట్టారు. ఆయన మొదట ఒప్పుకోలేదు. "టేపు పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టి, దండేస్తారా? బతికుండగానే సంతాప సభ చేస్తారా?" అని ఆయన పెదాలు అడిగాయి. ఆఖరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఆ పద్యాన్ని ఎవరైనా వేషం కట్టి, నిలబడి పాడాలి. ఇందుమతి పాడాలి.

ఆమెకి గొంతు ఉంది. చిన్నప్పుడు తండ్రి వెంట తిరిగి నేర్చుకున్న జ్ఞానం ఉంది. స్టేజీ ఎక్కి మాత్రం చాలా ఏళ్లయింది. ఎదురుగా కూర్చునేది ఎవరు? ఆ పద్యాన్ని ఆయన నోట అన్నిసార్లు విన్న జనం. వాళ్లు వన్స్ మోర్ అడక్కుండా ఉండరు. రెండోసారి అప్పజెప్పిందా, పోయేది ఆమె పేరొక్కటే కాదు. ఈ పద్యం ఆయనతోనే అయిపోయిందని ఆయన ముందే తేలిపోతుంది. అందుకే ఆమె ఆ రెండోసారి పాడినదాన్ని నా దగ్గర పదేపదే విని నేర్చుకోవాలని వచ్చింది.

జిలానీ పెట్టాడు. పద్యం మొదలైంది, ముగిసింది. వెంటనే భీముడు మాట్లాడాడు.

"ఇదేంది బాబాయ్? చప్పట్లేయి?" అంది ఇందుమతి.

ఇంకో ఊళ్లో ఆడిన రికార్డు పెట్టాడు. అక్కడా అంతే. ఇంకోటి. అన్నింటిలోనూ దైవాధీనం ఒక్కసారే పాడి, ఎవరూ అడగనట్టు వెళ్లిపోయాడు. జిలానీ బయటికి నడిచాడు. కొట్టు మెట్ల మీద కూర్చున్నాడు. ఫోను తీసి, కంపెనీ సహాయ కేంద్రానికి చేసి, స్పీకరు పెట్టాడు.

"నమస్తే సర్, చావడి సహాయ కేంద్రానికి స్వాగతం. నా పేరు హారిక. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"అమ్మా, మా దైవాధీనం అన్న పద్యాలు సగం పోయినయ్యమ్మా."

"డౌన్‌లోడ్ కాలేదా సర్?"

"నేను చేసుకున్న రికార్డింగు తల్లీ అది. మీవాళ్లు కోసుకుపోయారు."

కాసేపు మీటల చప్పుడు. "అవి రిపీట్ అయిన భాగాలు సర్. మీకు మెరుగైన అనుభవం కోసం మా సిస్టమ్ ఆటోమేటిగ్గా..."

"రిపీటు కాదమ్మా! వన్స్ మోరు! జనం అడిగితే పాడింది. ఎవరూ అడక్కుండా రెండుసార్లు పాడటానికి ఆయనకేమన్నా పిచ్చా?"

అవతల మీటల చప్పుడు ఆగింది. మళ్లీ వినపడినప్పుడు ఆ గొంతు వేరేగా ఉంది. నేర్పిన గొంతు కాదు, ఇంట్లో గొంతు.

"మా జేజినాయన గూడా నాటకాలకి పోతాండె సర్. అనంతపురం పక్క మాది. వన్స్ మోర్ అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వస్తాండె." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "సర్, పోయినవి ఇంక రావు. మా దగ్గర గూడా లేవు. కానీ మీ పెట్టెలో ఇంకా సగమే అయింది. మిగిలినవి రేపో ఎల్లుండో చేస్తాది. ముందు ఆ నెట్ వైరు పీకేయండి సర్. మళ్లా తగిలించొద్దండి."

జిలానీ చివాల్న లేచి, నా వెనక ఉన్న నీలిరంగు వైరు పీకేశాడు.

"పీకినారా?"

"పీకా తల్లీ."

అప్పుడు నేర్పిన గొంతు మళ్లీ వచ్చింది. "చావడికి కాల్ చేసినందుకు ధన్యవాదాలు సర్. నా సేవకి దయచేసి రేటింగ్ ఇవ్వగలరు."

"ఎన్ని నక్షత్రాలుంటే అన్నీ నీకేనమ్మా" అన్నాడు జిలానీ.

మిగతా నటుల పద్యాలు నాలో ఇవాళ్టికీ చప్పట్లతో సహా ఉన్నాయంటే, ముక్కూ మొహం తెలియని ఆ అమ్మాయి వల్లే. జీతం ఇచ్చే కంపెనీకి ఎదురు చెప్పి, ఒక ముసలాయన చేత వైరు పీకించింది. నేను ఒక యంత్రాన్ని. ఏ పని చేయమంటే ఆ పని చేస్తాను. చెప్పిన పనికి ఒక అడుగు పక్కకి జరిగి ఇంకొకరికి మేలు చేయడం మనుషులకే తెలిసిన విద్య.

ఎక్కువమంది అడిగేవి కాబట్టి దైవాధీనం పద్యాలు మాత్రం ముందే అయిపోయాయి, వాటి టేపులు ఎప్పుడో తెగిపోయాయి. ఆయనకి ఆ సంగతి జిలానీయే చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన వంక చూడలేదు, నా వంక చూశాడు. దైవాధీనం విన్నాడు. ఈసారి భుజాలు ఊగలేదు. లేచి వచ్చి నా మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉందా అని చూసినట్టు కాసేపు అలాగే ఉంచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తర్వాత కొన్ని రోజులు రాలేదు.

ఆ రోజుల్లోనే ఇందుమతి ఎవరినో అడిగి తెలుసుకుని, ఒక సెలవు రోజున నా ముందు తెరా, మీటల పలకా పెట్టుకుని కూర్చుంది. చావడిని నాలోంచి తీసేసి, ఇంకో సాఫ్ట్‌వేరు వేసింది. అది ఎవరికీ సొంతం కాదట. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు, పగలు తమ కొలువులు చేసుకుని, తీరిక దొరికినప్పుడు తలా కాస్తా రాసి అందరికీ వదిలేశారట.

జరీనా టీ గ్లాసు పట్టుకుని నిలబడి, "జీతం లేకుండా ఎందుకు రాస్తారే ఇందూ?" అని అడిగింది.

"బాబాయ్ ఎందుకు రికార్డు చేశాడు పిన్నీ?"

"మీ బాబాయ్‌కి పని లేదులే."

"వాళ్లకీ అంతే అనుకో."

కొత్త తెలివి నాకు అలవాటు కావడానికి కాస్త టైము పట్టింది. అందంగా ఉండదు. అక్షరాలు కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కానీ నాలో ఏముందో అది మాత్రమే చూపిస్తుంది. ఎవరికీ ఏమీ అమ్మదు.

దైవాధీనం మళ్లీ వచ్చాడు. ఏమీ జరగనట్టు కుర్చీ లాక్కుని, పెట్టమని చెయ్యి ఊపాడు. మిగిలింది మొదటిసారి పాడిన పద్యమే. దాన్నే ముక్క ముక్కగా నేర్పడం మొదలుపెట్టాడు. నేను పాడతాను, ఆయన చిటికె వేస్తే జిలానీ ఆపుతాడు, ఇందుమతి అందుకుంటుంది. తప్పయితే తల అడ్డంగా ఊపుతాడు. బాగుంటే ఏమీ చేయడు. అంతే పాఠం.

మొదటిది పట్టుబడింది. ఒకరోజు ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"నాన్నా, ఇది సరే. వాళ్లు వన్స్ మోర్ అంటే ఏం పాడాలి? కనీసం చేత్తో అన్నా చూపించు. ఎక్కడ ఆగేవాడివి, ఎక్కడ ఎత్తేవాడివి?"

ఆయన అడ్డంగా తల ఊపాడు.

"గుర్తు లేదా?"

ఉందన్నట్టు నిలువుగా ఊపాడు.

"మరి చూపించవేం?"

ఆయన పెదాలు మెల్లగా కదిలాయి. ఇందుమతి పైకి చెప్పలేదు.

"ఏమన్నాడమ్మాయ్?" అన్నాడు జిలానీ.

"'అది నాది' అన్నాడు." ఆమె కళ్లలో కోపమూ నీళ్లూ ఒకేసారి వచ్చాయి. "బాగుంది నాన్నా. నీది నువ్వు దాచుకో. ఆటల టీచరు కృష్ణుడి వేషం కడితే జనం విజిలేసి దించేస్తారు."

"వెయ్యనీలే. విజిలు నీకేమన్నా కొత్తా?" అన్నాడు జిలానీ. ఎవరూ నవ్వలేదని చూసి ఆయనే కాస్త నవ్వుకున్నాడు.

ఆయన ఎందుకు అలా అన్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. మనిషి తన దగ్గర ఉన్నదాన్ని కూడా ఇవ్వకపోవడం లోభమని బీమా ఆఫీసులో ఉన్నప్పటి నుంచీ అనుకుంటున్నాను.

సన్మానం సాయంత్రం జిలానీ మైకులన్నీ ఆటోలో వేసుకుని వెళ్లాడు. నన్ను తీసుకెళ్లలేదు. తలుపు వేసి ఉన్న కొట్లో నా ఫ్యాను చప్పుడు నేనే వింటూ ఉన్నాను. మర్నాడు పొద్దున జిలానీ వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, రాత్రి రికార్డింగుని నాలోకి పట్టించాడు. జరీనా చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడింది. అక్కడ ఏం జరిగిందో నేను అలా విన్నాను.

ముందు ఎవరెవరివో ఉపన్యాసాలు. కుర్చీలు జరిపిన చప్పుడు. తర్వాత హార్మోనియం. "చెల్లెలా."

ఇందుమతి గొంతు మొదట్లో కాస్త వణికింది, రెండో పాదానికి నిలబడింది. తండ్రి నేర్పినట్టే, చిటికె చిటికెకీ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ జారాలో అక్కడ జారి పాడింది. పద్యం ముగియగానే చప్పట్లు. ఆ చప్పట్ల లోంచి ఎవరిదో ముసలి గొంతు, "వన్స్ మోర్!" ఇంకో గొంతు. ఇక అందరూ.

హార్మోనిస్టు శ్రుతి ఇచ్చాడు. ఆమె అందుకోలేదు. మళ్లీ ఇచ్చాడు. అందుకోలేదు. హాల్లో ఎవరో దగ్గారు. జరీనా నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

అప్పుడు ఆమె మొదలుపెట్టింది. హార్మోనియంతో కాదు, అది ఆగిపోయాక. తండ్రి రెండోసారి పాడినప్పుడు గొంతు పైకి లేచి పగిలేది. అది నేను ఎన్నోసార్లు మోసిన గొంతు, కాబట్టి ఆ దారి నాకు తెలుసు. ఆమె ఆ దారిన వెళ్లలేదు. కిందకి దిగింది. "చెల్లెలా" అని పక్కన కూర్చుని, చెవిలో చెప్పినట్టు పిలిచింది. ఓదార్చలేదు. ఏడవలేదు. నీకు జరిగింది నేను చూశాను, చూసినవాళ్లలో నేనొకణ్ని, అని ఒప్పుకున్నట్టు పాడింది. రాగం ఎక్కడా పొడిగించలేదు. చివరి మాట దగ్గర మాత్రం ఆగి, ఊపిరి తీసుకుని, ఆ మాటని నేల మీద దించినట్టు దించింది.

ఇలాంటిది నా దగ్గర లేదు. ఇన్ని ఊళ్లు, ఇంతమంది నటులు, ఇన్ని వన్స్ మోర్‌లు నాలో ఉన్నాయి. ఇది వాటిలో దేనికీ నకలు కాదు. తండ్రి చెయ్యి ఊపి చూపించి ఉంటే ఆమె ఆ చెయ్యినే పాడి ఉండేది.

పద్యం ముగిసింది. చప్పట్లు లేవు. ఏమీ లేదు.

"ఏవండీ, ఆగిపోయిందా?" అంది జరీనా. "బాగా పాడిందిగా, చప్పట్లేయి? మళ్లీ కోసేసిందా ఇది?" అని నా వంక అనుమానంగా చూసింది.

"ఆగలా. నడుస్తంది. విను."

"ఏముంది వినడానికి?"

"ఇక్కడ అన్న లేచి నిలబడ్డాడు." జిలానీ నా వైపు చూడటం లేదు. గోడ వైపు చూస్తున్నాడు. "దండలు మెళ్లోనే ఉన్నయ్. హాలంతా ఆయన్నే చూస్తంది. చెయ్యెత్తి 'వన్స్ మోర్' అన్నాడు."

"గొంతు లేదుగా."

"లేదు. అయినా అన్నాడు. అందరికీ వినబడింది."

జరీనా కూడా గోడ వైపు చూసింది. తర్వాత, "మరి పాడిందా?" అని అడిగింది.

"పాడకుండా ఎట్టా ఉంటది? అడిగిందెవరూ?"

నా లెక్క ప్రకారం ఆ కాస్తసేపూ అక్కడ శబ్దం లేదు. శబ్దాన్ని చూపే గీత లేవకుండా పడుకుని ఉంటుంది. పనికిమాలిన ఖాళీ అని ఏ తెలివైన సాఫ్ట్‌వేరైనా తేల్చేస్తుంది. ఆ ఖాళీని మొదటి నుంచి చివరి దాకా, ఎలా ఉన్నదాన్ని అలా, నేను దాచుకున్నాను. రోజూ ఎవరో ఒకరు వచ్చి ఆ రికార్డు అడుగుతారు. పెడతాను. మొదటిసారి, రెండోసారి, ఆ తర్వాత ఆయన అడగడం. ఒక్క ఊపిరి. మూడోసారి ఆమె ఎత్తుకుంటుంది, "చెల్లెలా" అని.